ఇంటి రిపేర్లు – మీ ప్రశ్నలు: నూనె కంటే ముందు వేలు పెట్టి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజులూ చూస్తే మన నెల్లూరు, ప్రకాశం వైపు ఒక్క తలుపు కూడా గమ్మునుండటం లేదేమో అనిపిస్తా ఉంది. వానలు తగ్గి చలి మొదలయ్యే టైములో ఏటా ఇదే వరస లెండి. అన్నిటికీ జవాబు రాయాలంటే పుస్తకం మొత్తం చాలదు, ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి చెప్తా.

ప్రశ్న: అన్నా, మా బెడ్రూమ్ తలుపు తీసినా వేసినా కిర్ర్‌ర్‌ర్ అని ఒకటే మోత. మా ఆయన నైట్ డ్యూటీ చేసి తెల్లారుజామున వస్తాడు, పాపం ఎంత మెల్లగా తీసినా చంటిది లేచి కూర్చుంటుంది, ఇంక నా నిద్ర గోవిందా. కొబ్బరి నూనె పోస్తే వారం బాగుండింది, మళ్ళా మొదలు. ఇప్పుడు తలుపు మీద నల్లగా చారలు కారినయ్, చీమలు కూడా పట్టినయ్. మా మరిది వీడియోలో చూసి మేకు పెట్టి తలుపు బందు (హింజి)లో పిన్నుని సుత్తితో కొట్టాడు, అది రానే రాదు. ఏం చెయ్యమంటావు?
ఒక గృహిణి, కావలి

జవాబు: అమ్మా, ముందు మీ మరిదిని ఆ సుత్తి ఎక్కడ తీశాడో అక్కడ పెట్టెయ్యమను. ఆ వీడియోలు చాలావరకు అమెరికా వాళ్ళవి, వాళ్ళ ఇళ్ళల్లో బందులకి పిన్ను కిందనించి కొడితే పైకి ఊడి వస్తుంది, తీసి తుడిచి గ్రీజు రాసి మళ్ళా దించేస్తారు, చూట్టానికి భలే ఈజీగా ఉంటుంది. మన హార్డ్‌వేర్ షాపుల్లో అమ్మే మామూలు ఇనప మడతబందులు అట్టా కాదు, పిన్నుని రెండు చివర్లా కొట్టి అదిమేసి ఉంటారు, స్టీలు వాటిల్లో కూడా చాలావరకు ఇంతే. దాన్ని కొడితే పిన్ను రాదు, బందు వంగుతుంది, స్క్రూలు కదులుతయ్, మీ అదృష్టం బాగాలేకపోతే చెక్క చీలుతుంది. మీది ఏ రకమో తెలియాలంటే బందు పైనా కిందా చూడు, పైన పిన్ను తల బొత్తంలాగా లేచి ఉండి కింద చిన్న చిల్లు కనపడితే అది ఊడే రకం, రెండు పక్కలా చదునుగా ఒకేలా ఉంటే ఊడని రకం. మీది రెండోదే అయ్యుంటుంది.

ఇంక మోత సంగతి. తలుపుకి మూడో నాలుగో బందులుంటయ్, అన్నీ అరవవు, ఎక్కువసార్లు అరిచేది ఒక్కటే. నువ్వు తలుపుని మెల్లగా ఊపుతా ఉండు, మీ మరిది ఒక్కో బందు మీద వేలు ఆనించి పెట్టాలి, అరిచే బందు దగ్గరికి రాగానే వేలికి సన్నగా జుమ్మని తెలుస్తుంది. చెవి పెట్టి వినొచ్చు గానీ చెక్క మొత్తం మోగుతుంది కాబట్టి చెవి ఒక్కోసారి మోసం చేస్తుంది, వేలు చెయ్యదు. ఆ బందు లోపల జరిగేది ఏందంటే పిన్ను గొట్టంలో నున్నగా తిరగకుండా పట్టుకోటం, వదలటం, మళ్ళా పట్టుకోటం, ఇది సెకనుకి కొన్ని వందల సార్లు జరిగితే మనకి కిర్రుమని వినపడుద్ది. ఫిడేలు కమాను తీగ మీద చేసే పని కూడా అచ్చం ఇదే, కాకపోతే అక్కడ డబ్బులిచ్చి వింటాం. ఈ పట్టుకోటం వదలటం అనేది మెల్లగా కదిలినప్పుడే ఎక్కువ జరుగుద్ది. అంటే మీ ఆయన పాప లేస్తుందని ఎంత మెల్లగా తీస్తే అంత ఎక్కువ మోగుతుంది, ఈ రిపేరు అయ్యేదాకా ఒక్క ఊపున తీసెయ్యమని చెప్పు.

కొబ్బరి నూనె చెడ్డదని కాదు. కానీ అది 24, 25 డిగ్రీల కిందకి పోతే గడ్డకట్టే రకం, సీసాలో చూస్తానే ఉంటావు కదా చలికాలంలో, బందులో కూడా అదే అవుతుంది. పైగా దుమ్ముని రమ్మని పిలుస్తుంది, కొన్నాళ్ళకి ముక్క వాసన వస్తుంది, చీమలు సరే సరి. సన్‌ఫ్లవర్ నూనె అయితే ఇంకా దరిద్రం, గాలి తగిలి తగిలి జిగురైపోతుంది, ఆరు నెలలకి తలుపు బందుకి బంక పూసినట్టే. ఇంట్లో ఉండే నూనెల్లో ఏదో ఒకటి వాడక తప్పదంటే ఆముదం వాడు, అది ఆరిపోదు, చిక్కగా నిలబడుతుంది. మన పెద్దోళ్ళు ఎద్దుల బండి ఇరుసుకి కందెన చేసింది కూడా ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపే కదా.

అసలు పని ఇట్టా చెయ్యి. తలుపు సగం తెరిచి దాని కొస కింద ఒక చెక్క ముక్క దూర్చి, కొంచెం పైకి ఎత్తిపట్టేలాగా ఆనించు, ఎక్కువ వద్దు, తలుపు బరువు బందుల మీద నించి దిగితే చాలు. అప్పుడు బందు గొట్టాల మధ్య సందులు కొంచెం కదిలి నూనె పోటానికి దారి వస్తుంది. ముందు పాత కొబ్బరి నూనె జిడ్డు పోవాలి, దానికి తుప్పు వదిలించే స్ప్రే గానీ కొంచెం కిరసనాయిలు గానీ, అది ఇప్పుడు యాడ దొరుకుద్దిలే, ఆ సందుల్లో పెట్టి తలుపుని అటూ ఇటూ ఊపి గుడ్డతో తుడువు. నల్లగా బురదలాగా కారుతుంది, అదే ఇన్నాళ్ళూ అరిచింది, తుప్పు పొడీ దుమ్మూ కలిసిన ముద్ద. అది కారినంతసేపూ తుడవాలి, గుడ్డ మీద నలుపు తగ్గేదాకా. తర్వాత కుట్టుమిషన్ నూనె. మెడికల్ షాపులో సిరంజి ఒకటి కొని, సూది పారేసి, దానితో ఒక్కో సందు పైన ఒక్కో చుక్క వెయ్యి. చుక్క అంటే చుక్కే, పొయ్యటం కాదు. పైనించి మొదలుపెడితే అదే కిందకి దిగుతుంది. ఊపు, ఇంకో చుక్క, ఊపు. చివర్లో సందుల మీద కొంచెం వ్యాజిలిన్ గానీ బైకు షాపులో దొరికే గ్రీజు గానీ వేలితో అద్ది మిగిలింది తుడిచేస్తే దుమ్మూ చెమ్మా లోపలికి పోకుండా మూత పెట్టినట్టు ఉంటుంది. కింద పాత పేపరు పరుచుకో, లేకపోతే టైల్స్ మీద పడ్డ గ్రీజు తుడవలేక మళ్ళా నాకే ఉత్తరం రాస్తావు. తలుపు మీద చారలకి బట్టల సబ్బు నీళ్ళు చాలు, థిన్నర్ వెయ్యబాకు, పెయింటు లేచిపోతుంది. సిరంజి, నూనె డబ్బా పాపకి అందకుండా పైన పెట్టుకో.

ప్రశ్న: సార్, మాది చీమకుర్తి. ఇంటి పక్కనే గ్రానైట్ కటింగ్ ఉంది. తలుపులకి నూనె వేస్తే పది రోజులకే ముందుకంటే ఎక్కువ అరుస్తున్నాయి. నూనె క్వాలిటీ తేడానా?
ఒక ఉద్యోగి, చీమకుర్తి

జవాబు: నూనె తప్పేం లేదు తమ్ముడూ, మీ ఊరి గాలి. గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకి పోతుంది, దాని పొడి మాత్రం మీ ఇళ్ళల్లోనే ఉండిపోద్ది. ఆ రాతి పొడిలో ఉండే ఖనిజాలు బందు ఇనుము కంటే గట్టివి. నూనె వేస్తే ఆ పొడి అంటుకుని ముద్ద అవుతుంది, ఆ ముద్ద సాన పట్టే పేస్టులాగా పనిచేసి పిన్నునే అరగదీస్తుంది. అందుకే మీ తలుపు గొంతు రోజురోజుకీ పెరిగేది. మీకు తడి నూనె పనికిరాదు, పొడి మందు కావాలి. ముందు చెప్పినట్టు జిడ్డంతా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పెన్సిల్ మొన చెక్కి ఆ నల్లపొడిని కాగితం మడతలో పెట్టి సందుల్లోకి ఊదండి. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైట్, పొరలు పొరలుగా జారుతుంది, దుమ్ముని అంటనీయదు. 6బీ లాంటి మెత్తటి డ్రాయింగ్ పెన్సిల్ అయితే ఇంకా మేలు. కొవ్వొత్తి కరిగించి వేడిగా ఉండగానే సందుల్లో వేసినా పనిచేస్తుంది గానీ ఎండాకాలం మీ పడమటి గోడ తలుపు కాలిపోతా ఉంటుంది కదా, అప్పుడు మైనం మెత్తబడి దుమ్ము పట్టుకుంటుంది.

ఇది చదివి సముద్రం పక్కన ఉండే వాళ్ళు మాత్రం పెన్సిళ్ళు చెక్కుకోబాకండి. ఉప్పు చెమ్మలో గ్రాఫైట్ ఇనుముకి తగిలి ఉంటే తుప్పు తొందరగా పడుతుంది. ఎవరి ఊరి మందు వాళ్ళదే. కనిగిరి, పొదిలి వైపు పొడి దుమ్ము, అక్కడ పెన్సిలు. కొత్తపట్నం, రామాయపట్నం, మైపాడు వైపు నూనె, గ్రీజు.

ప్రశ్న: అన్నా మాకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు ఉండాయ్. మేత పెట్టే షెడ్డు తలుపుకి బందులు పెట్టేది, అవి తుప్పు పట్టి బిగుసుకుపోయేది, మళ్ళా మార్చేది. స్టీలువి పెడితే స్క్రూల తలలు కూడా ఎర్రగా అయిపోయినయ్. షాపాయన ఒరిజినల్ స్టీలే అంటాడు, అయస్కాంతం పెట్టి చూపిచ్చాడు, అంటుకోలా. ఏం చెయ్యాలి?
ఒక రైతు, ఇందుకూరుపేట

జవాబు: అన్నా, మీ షెడ్డు దగ్గర సమస్య ఉప్పు. ఉప్పు గాలిలో నించి చెమ్మని లాక్కుంటుంది, గాలిలో తేమ 75 శాతం దాటితే తానే కరిగి నీళ్ళవుతుంది, మీ దగ్గర రాత్రిళ్ళు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే వాన పడకపోయినా మీ బందు రాత్రంతా ఉప్పునీళ్ళలో నాని ఉన్నట్టే లెక్క. పైగా తుప్పు అనేది అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు పడుతుంది, అందుకే గొట్టం లోపల తుప్పు ఉబ్బి పిన్నుని పట్టేసుకుంటుంది, ముందు అరుస్తుంది, తర్వాత బిగుసుకుపోతుంది.

అయస్కాంతం పరీక్ష స్టీలుకి పనికిరాదు, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. 202 గ్రేడు అని చవక స్టీలు ఉంటుంది, దానికీ అంటుకోదు, 304కీ అంటుకోదు. 202లో నికెల్ తగ్గించి మాంగనీస్ కలుపుతారు, సముద్రం గాలికి అది తొందరగా మచ్చలు పడుతుంది. 304లో పద్దెనిమిది శాతం చుట్టుపక్కల క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉంటయ్, ఇంటికి బాగానే పనికొస్తుంది. మీలాగా ఉప్పు గుంటల పక్కన అయితే 316 కావాలి, దానిలో రెండు మూడు శాతం మాలిబ్డినం కలుపుతారు, ఉప్పుకి తట్టుకునేది ఆ మాలిబ్డినమే. రేటు ఎక్కువే, అన్ని షాపుల్లో దొరకదు, పడవల సామాను అమ్మే చోట అడగండి. బందు మీద గ్రేడు నంబరు కొట్టి ఉందో లేదో చూడండి, బిల్లు మీద కూడా రాయించుకోండి, రాయనంటే వేరే షాపు.

అయస్కాంతం ఇత్తడి బందులకి మాత్రం పనికొస్తుంది. అంటుకుంటే అది ఇత్తడి కాదు, ఇనుముకి ఇత్తడి పూత. అసలు ఇత్తడి బందుల్లో కూడా లోపల పిన్ను ఇనుముది వేస్తుంటారు, బయట తళతళా మెరుస్తా లోపల తుప్పు పట్టి అరుస్తా ఉంటుంది, కొనేటప్పుడు పిన్ను కొస దగ్గర కూడా అయస్కాంతం పెట్టి చూడండి.

ఇంక మీ స్క్రూల సంగతి. బందు స్టీలుది, స్క్రూలు పూత పూసిన ఇనుమువి, అవునా కాదా? రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీళ్ళలో తగిలి ఉంటే వాటిల్లో బలహీనమైంది ముందు పోతుంది, అందులోనూ స్క్రూ చిన్నది, బందు పెద్దది, కాబట్టి స్క్రూ ఇంకా జోరుగా తినేసుకుపోతుంది. బందు ఏదైతే స్క్రూ కూడా అదే. నెలకోసారి బందుల మీద మంచినీళ్ళు పోసి ఉప్పు కడిగి, ఆరాక గ్రీజు పెట్టండి. మీ దగ్గర మంచినీళ్ళు కూడా కొనుక్కునేవే అని తెలుసు, ఒక చెంబు చాలు.

ప్రశ్న: 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు మా ఇంట్లోకి నీళ్ళొచ్చాయండీ. తలుపులు నానినా తర్వాత ఆరిపోయాయి, బాగానే ఉన్నాయనుకున్నాం. ఇప్పుడు ఒక తలుపు కింద నేలకి రాసుకుంటా కిర్రుమంటుంది. నూనె వేస్తే ఏమీ తేడా లేదు. వడ్రంగి వచ్చి అడుగున చిత్రిక పట్టేస్తా అంటున్నాడు, పట్టించమంటారా?
ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ఒద్దమ్మా, ఇప్పుడే పట్టించబాకండి. మీ తలుపు అడుగు పెరగలా, తలుపే కిందకి దిగింది. తలుపు సగం తెరిచి హ్యాండిల్ దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. టకటకమని కదిలిందా, పై బందు స్క్రూలు లూజు. తలుపు బరువు పై బందుని దర్వాజాలో (తలుపు చట్రంలో) నించి బయటకి లాగుతుంది, కింద బందుని లోపలికి నొక్కుతుంది, పైది వదులైతే తలుపు ముక్కు కిందకి వాలి నేలకి రాసుకుంటుంది, బందుల్లో పిన్నులు కూడా ఏటవాలుగా పడి అరుస్తయ్. దీనికి ఎంత నూనె పోసినా దండగే.

స్క్రూ బిగించి చూడండి. తిరుగుతానే ఉండి బిగుసుకోకపోతే చిల్లు పెద్దదైంది. స్క్రూ పీకి, అగ్గిపుల్లల తలలు తీసేసి ఫెవికాల్‌లో ముంచి ఆ చిల్లులో దట్టంగా దూర్చండి, వెదురు పుల్ల అయితే ఇంకా గట్టి. బయటకి వచ్చిన ముక్కలు బ్లేడుతో కోసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళా స్క్రూ ఎక్కించండి. మామూలు ఫెవికాల్ నీళ్ళకి ఆగదు, మీరు వరద చూసినోళ్ళు కాబట్టి మెరైన్ రకం వాడండి. పై బందులో ఒకటి రెండు స్క్రూలు కొంచెం పొడుగువి వేస్తే కొత్త చెక్కని పట్టుకుంటయ్.

అయితే మీ విషయంలో ఒక అనుమానం ఉంది. వరద నీళ్ళలో నానిన ఇనప స్క్రూ చెక్క లోపలే తుప్పు పడుతుంది, ఆ తుప్పు తన చుట్టూ ఉన్న చెక్కని నల్లగా చేసి మెత్తబెట్టేస్తుంది. పైన పెయింటు బాగానే ఉంటుంది. కింద బందు దగ్గర స్క్రూ పక్కన స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడండి, మెత్తగా దిగిపోయిందంటే అగ్గిపుల్లలు పనిచెయ్యవు, అంతమేర చెక్క కోసి కొత్త ముక్క అతికించాలి. అది వడ్రంగి పనే, ఆయన్ని దానికి వాడుకోండి. తుప్పు పట్టిన స్క్రూ రాకపోతే గాడి శుభ్రం చేసి, స్క్రూడ్రైవర్ పెట్టి తల మీద సుత్తితో ఒకటి రెండు దెబ్బలు మెల్లగా కొట్టి, ముందు కొంచెం బిగించే వైపు తిప్పి తర్వాత ఊడదీయండి. టక్కుమని వదుల్తుంది చాలాసార్లు.

ప్రశ్న: ఏటా కార్తీకమాసంలో తలుపు పట్టేస్తుంది, భుజంతో గుద్ది తీయాల్సొస్తుంది, గుమ్మానికి ఒరుసుకుని కీచుమంటుంది. ఎండాకాలం ఏ గొడవా ఉండదు. బందులు మార్చాలా?
అల్లూరు నించి ఒక పాఠకుడు

జవాబు: బందుల జోలికి పోబాకండి. మన వైపు వాన అంతా అక్టోబరు నించి డిసెంబరు దాకా కదా, ఆ చెమ్మ తాగి చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పొడుగు పెద్దగా పెరగదు, వెడల్పే పెరుగుతుంది, అందుకే పక్కన పట్టేస్తుంది. ఇప్పుడు చిత్రిక పట్టించారనుకోండి, మే నెలలో ఆ తలుపు సందులో నించి పక్కింటోళ్ళు కనపడతారు. సంక్రాంతి దాటనివ్వండి, చెక్క ఆరాక కూడా పట్టేస్తుంటే అప్పుడు ఆ మేరకే కొంచెం తీయించండి. అప్పటిదాకా ఒరుసుకునే అంచుకి కొవ్వొత్తి రుద్దండి. అసలు రోగం ఎక్కడంటే తలుపు పై అంచుకీ అడుగు అంచుకీ పెయింటు వెయ్యరు ఎవరూ, కనపడదు కదా అని పెయింటర్ వదిలేస్తాడు, చెమ్మ ఎక్కువగా ఆ రెండు చోట్ల నించే లోపలికి పోతుంది. ఎండలు ముదిరినప్పుడు, రోహిణి కార్తెలో, తలుపు దించి ఆ రెండు అంచులకీ రెండు కోట్లు వేయించండి. పెయింటర్ ఒక మాదిరిగా చూస్తాడు, చూడనీయండి.

ప్రశ్న: హాస్టల్లో మా రూము తలుపుకి ఆ నీలం పసుపు డబ్బా స్ప్రే కొట్టాం, డబ్ల్యూడీ-40. కొట్టగానే సూపర్, నెల తిరక్కముందే మళ్ళీ మామూలే. డూప్లికేట్ డబ్బానా?
ఒంగోలు నించి స్టూడెంట్స్

జవాబు: డబ్బా అసలుదే అయ్యుంటుంది, పనే అది. 1953లో అమెరికాలో శాన్‌డియాగోలో రాకెట్ కెమికల్ అనే కంపెనీ వాళ్ళు తయారు చేశారు దాన్ని, పేరులో డబ్ల్యూడీ అంటే నీళ్ళని తరిమేది అని, 40 అంటే నలభయ్యో ఫార్ములా అని. క్షిపణుల పైన తుప్పు పట్టకుండా మొదట వాడింది. అంటే చెమ్మని తరమటం, తుప్పుని వదులు చెయ్యటం, జిడ్డుని కడగటం దాని పని. నూనె కూడా ఉంటుంది గానీ పల్చటి పొర, తలుపు బరువు మోస్తా రోజూ తిరిగే పిన్ను దగ్గర ఎక్కువ కాలం నిలబడదు. దానితో కడగండి, తుడవండి, తర్వాత పైన కావలి అమ్మకి చెప్పిన కుట్టుమిషన్ నూనె, గ్రీజు. ఇంకో మాట, అది మంటకి అంటుకునే సరుకు, రూములో దొంగతనంగా ఇండక్షన్ స్టవ్ పెట్టుకుని మ్యాగీ చేసుకునే టైములో కొట్టబాకండి. ఇళ్ళల్లో వాళ్ళు కూడా గడప దగ్గర దీపం వెలుగుతుంటే ఆ పక్కన స్ప్రే కొట్టకూడదు.

ప్రశ్న: బైకు మెకానిక్ దగ్గర వాడేసిన ఇంజనాయిలు ఊరికే ఇస్తాడు, అది వెయ్యొచ్చా?
సింగరాయకొండ

జవాబు: వద్దు. దానిలో లోహపు పొడి, మసి ఉంటయ్, బట్టలకి అంటితే పోదు, చేతికి కూడా మంచిది కాదు. ఊరికే వచ్చేవన్నీ మన ఇంట్లోకే రావాలా ఏంది.

ప్రశ్న: మా అత్త తలుపుకి నూనె వెయ్యనియ్యదు. చప్పుడుంటేనే దొంగొస్తే తెలుస్తుందంట. మా అమ్మేమో తలుపు ఏడిస్తే ఇంట్లో లక్ష్మి నిలవదు అంటుంది. ఎవరి మాట వినాలి?
కోడలు, పేరు ఒద్దు, ఊరు కూడా ఒద్దు

జవాబు: అమ్మా, ఇద్దరి మాటా విన్నట్టు ఉండాలంటే లోపలి తలుపులకి నూనె వేసి వీధి తలుపు వదిలెయ్యి. మీ అత్త మాటలో న్యాయం లేకపోలేదు గానీ అరిచే బందు అంటే అరుగుతున్న బందు, అరిగి అరిగి వదులైన బందుకి గొళ్ళెం కూడా సరిగ్గా పడదు, అప్పుడు దొంగకి ఇంకా సుఖం. ఈ ముక్క నేను చెప్పానని చెప్పబాకు.

ప్రశ్న: సార్, మా పూజగది తలుపు దానంతట అదే కిర్రుమంటా తెరుచుకుంటుంది. గాలి కూడా ఉండదు. వాస్తు చూసే ఆయన దోషం ఉంది, దర్వాజా మార్చాలన్నాడు, పెద్ద లెక్క చెప్పాడు. భయంగా ఉంది.
దర్శి

జవాబు: భయపడబాకండి, దారం ముక్క తీసుకోండి. దాని కొసకి ఒక నట్టు కట్టి దర్వాజా పై మూల నించి వేలాడదీసి చూడండి, దారానికీ దర్వాజాకీ మధ్య పైన ఎంత సందు ఉందో కింద కూడా అంతే ఉండాలి. తేడా ఉంటే దర్వాజా వాలి ఉంది, తలుపు బరువు తనంతట తాను పల్లానికి పోతుంది, నీళ్ళు పోయినట్టే. కొత్త ఇంట్లో పునాది కొంచెం దిగినా, నిలబెట్టేటప్పుడు తూకం సరిగ్గా చూడకపోయినా ఇట్టా అవుతుంది. దర్వాజా మార్చక్కర్లా. ఒక బందు స్క్రూలు ఊడదీసి బందు రేకు వెనక పెళ్ళిపత్రిక అట్ట ముక్క ఒకటి కత్తిరించి పెట్టి బిగించండి, పై బందుకా కింద బందుకా అన్నది వాలు ఎటు ఉందో దాన్నిబట్టి, ఒకదానికి పెట్టి చూస్తే తలుపే చెప్తుంది, సరిపోకపోతే తీసి రెండోదానికి. అయినా ఆగకపోతే మాగ్నెట్ క్యాచర్ ఒకటి పెడితే వేసినచోటే ఉంటుంది. దర్వాజాకి చెప్పిన లెక్కలో ఎన్నో వంతు కూడా కాదు ఇది. ఆయన్ని మళ్ళా పిలవటం పిలవకపోవటం మీ ఇష్టం, పిలిస్తే మాత్రం దారం ఆయన చేతికే ఇచ్చి చూడమనండి.

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు పల్లె. తాతల నాటి ఇల్లు. వీధి తలుపుకి బందులే లేవు, తలుపు చెక్కకే పైనా కిందా కొమ్ము ఉండి గడపలో గుంతలో తిరుగుతుంది. అది అరిస్తే వీధి చివరికి వినపడుద్ది. దీనికి ఏం వెయ్యాలి?

జవాబు: ఆ తలుపు ఉన్నందుకు మిమ్మల్ని చూసి నాకు కొంచెం కుళ్ళుగా ఉంది. అట్టాంటి దానికి పల్చటి నూనె వెయ్యకూడదు, చెక్క తాగేస్తుంది. ముందు గడప గుంతలో చేరిన మట్టి పుల్లతో గీకి, చీపురు పుల్లల కట్టతో ఊడ్చి తీసెయ్యండి, అక్కడే ఏళ్ళ తరబడి దుమ్ము పేరుకుని ఉంటుంది, సగం మోత దానిదే. నలుగురు మనుషులు ఉంటే తలుపుని పై గుంతలోకి కొంచెం ఎత్తి పట్టుకోవచ్చు, అప్పుడు కింద కొమ్ముకి ఎండిన బట్టల సబ్బు గట్టిగా రుద్దండి, లేదా మైనం. కింద కొమ్ముకి ఇనప పొన్ను (తొడుగు) వేసి ఉంటే ఆముదం చుక్కలు వెయ్యొచ్చు. ఎత్తేటప్పుడు పిల్లల్ని దూరంగా పంపించండి, ఆ తలుపులు కనపడేదానికంటే బరువుంటయ్, జారితే కాళ్ళ మీద పడుద్ది. ఎవరైనా వచ్చి మంచి రేటు ఇస్తాం పీకేస్తాం అంటే ఇవ్వబాకండి.

ప్రశ్న: అద్దె ఇల్లు. ఓనరు దేనికీ చెయ్యి వెయ్యనియ్యడు. బాత్రూమ్ ప్లాస్టిక్ తలుపు అరుస్తుంది.
నెల్లూరు, మాగుంట లేఅవుట్

జవాబు: వ్యాజిలిన్ రాయండి, ఆయనకి కనపడదు. పీవీసీ తలుపులకి స్క్రూలు గట్టిగా బిగించబాకండి, మర పోతే అప్పుడు అడ్వాన్సులో కోస్తాడు.

ప్రశ్న: మా ఇంటి ముందు ఇనప గేటు పొద్దున్నే పాలాయన తీస్తే వీధంతా లేస్తుంది. పై కొక్కేలకి గ్రీజు పెట్టినా తగ్గలేదు.
కోవూరు

జవాబు: పైన కాదండీ, కింద చూడండి. బరువైన గేటుకి కింద నేలలో ఒక ఇనప గిన్నెలాంటిది ఉంటుంది, గేటు కడ్డీ దానిలో నిలబడి తిరుగుతుంది, బరువంతా మోసేది అదే. దానిలో వాననీళ్ళు, మట్టి చేరి ముద్దగా ఉంటుంది, గ్రీజు పైన పెడితే దానికేం తెలుస్తుంది. ఇద్దరు పట్టి గేటుని కొంచెం ఎత్తండి, ఎత్తినప్పుడు కింద ఇటుక పెట్టి ఆపండి, చేతులు కింద పెట్టబాకండి. గిన్నె కడిగి, ఆరబెట్టి, అడుగున బేరింగు స్టీలు గోళీ ఒకటి వేసి, చిక్కటి గ్రీజు నింపి గేటు దించండి. గోళీ కడ్డీ మందానికి సరిపోవాలి, వెల్డింగు షాపులో కడ్డీ కొలత చెప్తే ఇస్తారు. గిన్నె అడుగు అరిగి చిల్లు పడి ఉంటే గోళీ నిలవదు, అప్పుడు గిన్నె మార్చాల్సిందే, దానికి మళ్ళీ వెల్డింగాయనే రావాలి, కాబట్టి ఆయన్ని పిలిచే ముందే గేటు ఎత్తి చూసుకోండి, రెండు పనులూ ఒకే రాకలో అయిపోతయ్.